కంటిమందును కాచెడు మందు

మన యిండ్లలో గూటియందో, బల్లమీదనో, తాతగారి కండ్లజోడు ప్రక్కనో యొక చిన్న కంటిచుక్కల బుడ్డి తఱచుగా కానవచ్చుచుండును. దానిపై నంటించిన కాగితము మిక్కిలి చిన్నది. ఆ కాగితముపై నచ్చొత్తిన యక్షరములు చీమల బారువలె నుండును. చూపు తగ్గినవారి కొఱకు చేసిన మందుపై మంచి చూపు గలవారికిని కానరాని యక్షరములు వేయుట యొక వింతయే. అయినను ఇంటిలో చదువుకొనుచున్న పిల్లలు భూతద్దము చేతబట్టి యొకసారి యా యక్షరములను చదువవలయునని నా కోరిక. అందు మందు పేరు మొదట నుండును. దాని క్రింద, పెక్కు బుడ్డీలమీద, బెంజాల్కోనియం క్లోరైడు 0.01 శాతము అనియో, అట్టిదే మఱియొక పేరో యుండును. పిమ్మట, మూత తీసిన నెలలోపల వాడవలెననియు, బుడ్డి కొనను దేనికిని తాకింపరాదనియు హెచ్చరిక లుండును.

ఈ మూడును వేఱువేఱు మాటలుగా కనబడుచున్నను, మూడును నొకే సంగతిని జెప్పుచున్నవి. బెంజాల్కోనియం క్లోరైడు కంటిజబ్బును కుదుర్చునది కాదు, క్రిములను జంపునది. మందు చెడకుండ కాచుటకై దానిని కలుపుదురు గాన, అట్టివానిని సంరక్షక ద్రవ్యములందము. క్రిమిని జంపగల వస్తువు కంటికి మాత్రము హాని చేయదా? చేయునెడల దాని నేల కలుపుచున్నారు? తీసివేసిన నేమగును? ఈ ప్రశ్నలు వట్టి పుస్తకపు ప్రశ్నలు కావు. సంరక్షక ద్రవ్యము లేని మందు కంటికి మేలని నమ్మి కొనినవారిలో కొందఱు 2022, 2023 సంవత్సరములందు అమెరికాదేశమున చూపును, కొందఱు ప్రాణములను గోల్పోయిరి. ఆ వృత్తాంతమును మీదట చెప్పెదను. దానికి పూర్వము కన్ను తన్ను తాను కాపాడుకొను విధమును గొంత తెలిసికొనవలయును.

కన్ను పగలెల్ల తెఱచియుండెడు వాకిలి. గాలిలోని దుమ్మును, చేతిమీది మురికియు దానిని సోకుచునే యుండును. అయినను ఆరోగ్యవంతుని కన్ను సులభముగా చెడదు. రెప్ప మాటిమాటికి వాలి తుడుచుచుండును, కన్నీరు కడుగుచుండును. ఆ కన్నీరు వట్టి యుప్పునీరు గాదు. 1922వ సంవత్సరమున అలెగ్జాండరు ఫ్లెమింగను వైద్యుడు, తరువాత పెన్సిలినును గనుగొనిన యాయనయే, కన్నీరు మొదలగు వానిలో కొన్ని క్రిములను గరగించి చంపెడు పదార్థమొకటి కలదని ప్రకటించెను. దానికి లైసోజైమని పేరు. పరీక్షలకు చాలినంత కన్నీరు సంపాదించుటకై ఆయన తనతో పనిచేయువారి కండ్లలో నిమ్మతొక్క రసము చిందింపజేసెడివాడట! శాస్త్రమునకై ఏడ్చినవారిని గూర్చి చరిత్రలో నింకెచ్చటను చదివిన జ్ఞాపకము లేదు. ఎట్లయిననేమి, సృష్టికర్త మన కన్నీటిలోనే యొక కావలివానిని నిలిపియున్నాడని దానివలన తెలిసినది.

నల్లగుడ్డును గప్పియుండు అద్దమువంటి పొరను శుక్లపటలమందురు. నడుమ దాని మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. అందు రక్తనాళములు లేవు. ఉన్నచో చూపునకు అడ్డమగును గదా. కాని రక్తము పాఱని చోటికి రక్తములోని రక్షకకణములు వేగముగా రాజాలవు. ఈ కొఱతను దీర్చుటకై శుక్లపటలముపై ఐదాఱు వరుసల కణములతో నల్లిన పలుచని పొర కలదు. అది చెక్కుచెదరక యున్నంతవఱకు పెక్కు క్రిములు లోనికి జొరలేవు. కళ్లములో వడ్లపొట్టు ఎగిరి కంట బడి, చిన్న గీత గీచెనా, తలుపు గొళ్లెము తీసినట్లే యగును. మందు వేయవలసివచ్చిన కన్ను అనేక పర్యాయములు ఇట్టి గీత పడిన కన్నే. లేదా శస్త్రచికిత్స జరిగిన కన్ను. కావున క్రిమి గల మందు ఆరోగ్యవంతుని కంటిలో చేయని కీడు రోగి కంటిలో చేయును.

ఇక బుడ్డి సంగతి. కర్మాగారమున శుద్ధిచేసి మూసిన బుడ్డిలో మూత తీయనంతకాలము క్రిములుండరాదు. మూత తీసిన పిమ్మట కథ మాఱును. బుడ్డిని నొక్కి వదలినప్పుడు, చుక్క వెడలిపోయిన చోటిని నింపుటకు వెలుపలి గాలి లోపలికి బోవును. బుడ్డి కొన రెప్పవెండ్రుకలకు తగిలియున్న యెడల అచ్చటి తడియు గాలితోగూడ లోనికి పీల్చబడును. కంటిలో బడిన క్రిమిని రెప్ప తుడుచును, కన్నీరు కడుగును. బుడ్డిలో బడిన క్రిమికి రెప్పయు లేదు, కన్నీరును లేదు. కదలని నీటిలో పగలును రాత్రియు దానిదే రాజ్యము. ఆ క్రిమి పెరుగకుండ చేయుటయే సంరక్షక ద్రవ్యముయొక్క పని. అది బుడ్డికి కావలివాడు. కంటికి వైద్యుడు గాడు. ఈ భేదమును మనసునందుంచుకొనినచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

ఇట్టి కావలి యెంత యవసరమో వైద్యులు కష్టపడి నేర్చుకొనిరి. శుక్లపటలముపై గీత పడినదో లేదో చూచుటకు ఫ్లోరెసీనను రంగును కంటిలో వేయుదురు. గీత యున్నచోట నది నిలిచి, నీలికాంతిలో పచ్చగా మెఱయును. పూర్వము ఈ రంగు ద్రవమును వైద్యశాలలో నొక బుడ్డిలో బోసియుంచి, వచ్చినవారికెల్ల దానినే వాడుచుండిరి. ఆ ద్రవమందు సూడోమోనాస్ ఏరుజినోసా యను క్రిమి హాయిగా బ్రతుకగలదు. గీత పడిన కంటిలోనే ఆ రంగును వేయుదురు గాన, వైద్యుడు తెలియక యా క్రిమిని సరిగా తెఱచియున్న తలుపునొద్దకే దీసికొనిపోయి విడిచినట్లయ్యెను. 1951వ సంవత్సరమున అమెరికాలోని కిమూరా యను నేత్రవైద్యుడు, రంగును కాగితపు ముక్కలలో నింకించి యెండబెట్టి, శుద్ధిచేసి, రోగి కొక ముక్క చొప్పున వాడు పద్ధతిని ప్రకటించెను. తడి లేనిచోట నా క్రిమి పెరుగదు. ఎంత చిన్న యుపాయము! నేటికిని వైద్యశాలలలో ఆ కాగితపు ముక్కలు వాడుకలోనున్నవి. 1953వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వమువారు క్రిమిరహితము కాని కంటిమందును చెడిన సరకుగా నెంచెదమని శాసించిరి.

ఈ సూడోమోనాస్ మఱల మన కథలోనికి రానున్నది గాన దానిని గూర్చి రెండు మాటలు. ఇది నీటిలోను, తడినేలలోను, చేతులు కడుగు తొట్లలోను నుండును. దానికి గావలసిన యాహారము అత్యల్పము. ఏరుజినోసా యను మాట రాగిచిలుమును దెలుపు లాటిను మాటనుండి పుట్టినది. ఈ క్రిమి చిలుమువంటి నీలిపచ్చని రంగును పుట్టించును. శుక్లపటలములో జొచ్చెనేని తన రసములచే దానిని గరగించుచు, ఒకటి రెండు దినములలోనే రంధ్రము చేయగలదు.

మన దేశమున ఔషధముల నియమావళికి జేర్చిన యొక పట్టికలో కంటిమందులను గూర్చి ప్రత్యేకముగా వ్రాయబడియున్నది. కంటిచుక్కలు క్రిమిరహితములుగా నుండవలెను. తగిన సంరక్షక ద్రవ్యము నిర్ణీత పరిమాణమున నుండవలెను. దాని పేరును పరిమాణమును బుడ్డిపై వ్రాయవలెను. నెలలోపల వాడవలెననియు, కొనను దేనికిని తాకింపరాదనియు, మంట హెచ్చిన యెడల మాని వైద్యుని జూడవలెననియు తెలుపవలెను. మొదట మనము భూతద్దముతో జూచిన చీమలబారు ఇచ్చటినుండి వచ్చినదే. ఆ పట్టికలోనే యింకొక మాట కలదు: శస్త్రచికిత్సయందు వాడు ద్రవములలో సంరక్షక ద్రవ్యము బొత్తిగా నుండరాదు, వానిని ఒక్క వాడుకకు సరిపడు పాత్రలలోనే నింపవలెను. ఏలయనగా శుక్లపటలముయొక్క లోపలివైపున నున్న కణములు ఒకసారి నశించినచో మనుష్యులయందు మఱల పుట్టవు. వెలుపలి పొర కొంత సహింపగలిగినను లోపలి పొర సహింపలేదు. చట్టమే యొకచోట కలుపుమనియు, మఱియొకచోట కలుపవద్దనియు నాజ్ఞాపించుట చూచినచో, ఈ ద్రవ్యము మిత్రుడో శత్రువో యని యొక్క మాటలో తేల్చుట కష్టమని తెలియగలదు.

బెంజాల్కోనియం క్లోరైడుయొక్క క్రిమినాశక గుణమును 1935వ సంవత్సరమున జర్మనీదేశపు శాస్త్రజ్ఞుడు గెర్హార్డు డోమాకు వెల్లడించెను. మొదటి సల్ఫా మందును గనుగొనినందులకు 1939వ సంవత్సరపు నోబెలు బహుమానమునకు పాత్రుడైన వాడు నితడే. చేతులను, పనిముట్లను శుద్ధిచేయుటకు వచ్చిన యీ వస్తువు 1940 తరువాత కంటి ద్రవములలోనికిని ప్రవేశించెను. నేటికిని కంటిచుక్కలలో అధికముగా గలుపబడునది యిదియే.

అది పనిచేయు విధమును మీరు ఇంటిలోనే కొంత చూడవచ్చును. వెడల్పైన పళ్లెములో నీరు పోసి, మీద మిరియముల పొడి పలుచగా చల్లుడు. సబ్బు తగిలించిన వ్రేలితో నడుమ దాకుడు. పొడి యంతయు గడియలో అంచులకు పరుగెత్తును. నీటి పైతలము బిగియగట్టిన వస్త్రమువలె నుండును; సబ్బు దాకినచోట ఆ బిగువు సడలును గాన, తక్కిన భాగము పొడిని తనవైపునకు లాగుకొనును. సబ్బు కణమునకు ఒక కొన నీటిని గోరును, మఱియొక కొన నూనెను గోరును. బెంజాల్కోనియం క్లోరైడు నట్టి జాతిదే. క్రిముల యొడలిని గప్పియుండు పొర క్రొవ్వుతో గూడినది. ఈ ద్రవ్యము ఆ పొరలో దూరి దానిని చీల్చును. లోని సారము వెలికి గారి క్రిమి చచ్చును. మనము వాడుకొను సబ్బునకును దీనికిని విద్యుద్గుణము మాత్రము వ్యతిరేకము. సబ్బు రుణవిద్యుత్తు గలది, ఇది ధనవిద్యుత్తు గలది. క్రిముల పైభాగము రుణవిద్యుత్తు గలది గనుక ఇది వానికి త్వరగా నంటుకొనును. సూడోమోనాసు జాతిలో కొన్ని దీనికిని లొంగవు. అందుచేత వాని పొరను బలహీనపఱచు ఇ.డి.టి.ఏ. యను వస్తువును గొన్ని మందులలో తోడుగా గలుపుదురు.

ఇంతవఱకు బాగున్నది. కాని క్రొవ్వుపొర క్రిమికి మాత్రమే యున్నదా? మన కంటి కణములకును అట్టి పొరయే. కన్నీటికిని మీద నూనె పొర కలదు. రెప్పల యంచులలోని సన్నని గ్రంథులనుండి యా నూనె స్రవించి, కన్నీటిపై వ్యాపించి, అది త్వరగా ఆవిరిగాకుండ కాపాడును. మిరియముల పొడిని జెదరగొట్టిన సబ్బువలె ఈ ద్రవ్యము ఆ నూనె పొరను జెదరగొట్టును. అప్పుడు కన్నీరు శీఘ్రముగా నారిపోవును. శుక్లపటలపు పైకణములును, కన్నీటిని కంటికి నంటియుండునట్లు చేయు జిగురును బుట్టించు కణములును దెబ్బతినును. కన్ను మండును, ఎఱ్ఱబడును, ఇసుక పడినట్లుండును. ఇందొక విపరీతము కలదు. కండ్లు పొడిబాఱినవని కొందఱు కృత్రిమపు కన్నీటి చుక్కలను వాడుదురు. ఆ చుక్కలలో నీ ద్రవ్యముండి, దినమునకు పదిమాఱులు వేసికొనినచో పొడితనము హెచ్చును. హెచ్చినదని మఱికొన్ని చుక్కలు వేసికొందురు. దాహము తీఱుటకు ఉప్పునీరు త్రాగినట్లు!

లెక్క వేసి చూతము. 0.01 శాతమనగా పదివేల భాగములలో నొక భాగము. ఒక మిల్లీలీటరులో 0.1 మిల్లీగ్రాము. మిల్లీలీటరునకు సుమారు 20 చుక్కలు గనుక, చుక్కకు 5 మైక్రోగ్రాములు, అనగా మిల్లీగ్రాములో రెండువందలవ వంతు. అందును కొంత చెంపపై జారిపోవును, మిగిలినది కొన్ని నిమిషములలో కన్నీటితో ముక్కులోనికి దిగిపోవును. వారము దినములు మందు వేసికొను వానికి ఇది లెక్కింపదగినది కాదు. కాని గ్లాకోమా యను నీటికాసుల వ్యాధి గలవారి సంగతి వేఱు. కంటిలోని యొత్తిడి నరమును జంపకుండ, వారు బ్రదికినంతకాలము చుక్కలు వేసికొనవలయును. మూడు విధములైన మందులు, దినమునకు మొత్తము 5 చుక్కలనుకొనుడు. ఏడాదికి 1825 చుక్కలు. పది సంవత్సరములకు పదునెనిమిదివేలకు మించును. గ్లాకోమాకు విశేషముగా వాడబడు లాటానోప్రోస్టను మందుయొక్క మొదటి తయారీలో ఈ ద్రవ్యము 0.02 శాతము, అనగా మన లెక్కకు రెట్టింపు. ఇట్టివారిలో ననేకుల కండ్లు మండుట, ఎఱ్ఱబడుట చూచి, అది వ్యాధి గుణమనియో ముసలితనమనియో ఇంటివారు సరిపెట్టుకొందురు. మంట భరింపలేక మందు మానివేసినవారును గలరు. వారి చూపు నొప్పి లేకుండ, చప్పుడు లేకుండ, అంచులనుండి నశించును. పోయిన చూపు మఱల రాదు. నా యభిప్రాయమున ఈ ద్రవ్యమువలన గలుగు కీడులలో నెల్ల పెద్దది యిదియే: అది కంటిని మండించుట కాదు, మండించి మందును మాన్పించుట. కావున మీ యింటి పెద్దలలో నెవ్వరైన చుక్కలు వేసికొనగనే కండ్లు మండుచున్నవనిన యెడల, మందు మానవలదనియు, ఆ మాటను వైద్యునితో జెప్పవలయుననియు తెలుపుడు. సంరక్షక ద్రవ్యము లేనట్టియు, వేఱొకటి గలిగినట్టియు మందులు ఇప్పుడు దొరకుచున్నవి.

ఆ వేఱు ద్రవ్యములలో కొన్నిటి చరిత్ర మంచిది కాదు. పాదరసముతో జేసినవి పూర్వము వాడుకలో నుండెను. వానిలో నొకదానిని ఏండ్లతరబడి వాడినవారి కంటి కటకముపై గోధుమవన్నె మరక యేర్పడెను. థయోమర్సాలను మఱియొకటి పలువురకు సరిపడక దురదను, ఎఱ్ఱదనమును గలిగించెను. క్రొత్తవానిలో సోడియం పెర్బోరేటు చమత్కారమైనది. బుడ్డిలో నున్నంతసేపు అది హైడ్రోజను పెరాక్సైడును విడుచుచు క్రిములను జంపును; కంటిలో పడగనే కన్నీటిలోని యొక పదార్థముచేత నీరును ఆమ్లజనియు నయి పోవును.

మఱి అన్నిటిని దీసివేసిన నేమి? 2009వ సంవత్సరమున ఐరోపా ఔషధాధికారులు ఈ ప్రశ్నను విచారించి, చిరకాలము మందు వాడువారికిని, సరిపడనివారికిని సంరక్షకము లేని మందులు మేలనిరి. కాని అందఱికిని అన్ని మందులలోను దానిని దీసివేయుమని చెప్పలేదు. ఆ జాగ్రత్త యెంత తగినదో కొన్ని యేండ్లకే లోకమునకు దెలిసెను.

2022వ సంవత్సరము మే నెల మొదలుకొని అమెరికాలోని వైద్యశాలలయందు రోగులలో నొక సూడోమోనాసు కనబడసాగెను. అది మిక్కిలి బలమైన మందులకును లొంగని రకము. అంతకు మున్ను ఆ దేశమున నెన్నడును గానరానిది. ఒకరికి కంటిలో, ఒకరికి రక్తములో, ఒకరికి మూత్రములో, ఒకరికి కఫములో. రోగులుండిన యూళ్లు వేఱు, వైద్యశాలలు వేఱు. క్రిముల జన్యువులను బోల్చి చూడగా అన్నియు నొకే మూలమునుండి వచ్చినవని తేలెను. రోగులను ఏమి తింటిరి, ఏమి వాడితిరని విచారింపగా, పెక్కండ్రు కృత్రిమపు కన్నీటి చుక్కలను వాడిరని తెలిసెను. అందును ఒక పేరుగల సరకు తఱచుగా వినబడెను. రోగులు వాడుచుండిన బుడ్డీలను పరీక్షింపగా ఆ క్రిమియే దొరకెను. 2023 ఫిబ్రవరి మొదటి దినములలో ప్రభుత్వమువారు ప్రజలను హెచ్చరించిరి. సరకును వెనుకకు దెప్పించిరి. మే నెల నాటికి 18 రాష్ట్రములలో 81 మంది లెక్కకు వచ్చిరి. వారిలో 14 మందికి చూపు పోయెను. నలుగురి కనుగ్రుడ్లను దీసివేయవలసివచ్చెను. నలుగురు మరణించిరి.

కంటిలో వేసిన చుక్క రక్తమునకును, ఊపిరితిత్తులకును ఎట్లు చేరునని మీరడుగవచ్చును. కంటి మూలనుండి ముక్కులోనికి కన్నీటి కాలువ యొకటి కలదు. చుక్క వేసికొనిన కొంతసేపటికి గొంతులో చేదు తగులుట మీలో ననేకు లెఱుగుదురు. అది యా కాలువ మహిమయే. మందు పోవు దారిలో క్రిమియు బోవును. ముసలివారియందును, ఇతరవ్యాధులచే క్షీణించినవారియందును అది నిలిచి బలపడును.

ఆ చుక్కలు తయారైనది చెన్నపట్టణపు ప్రాంతమున నున్న యొక కర్మాగారమున. అమెరికా యధికారులు ప్రకటించిన లోపములలో, క్రిమిపరీక్షలు చాలకుండుట యొకటి, బుడ్డి మూతను మున్నే తెఱచినచో తెలియజేయు కట్టుదిట్టము సరిగా లేకుండుట యొకటి, పలుమాఱులు వాడు బుడ్డిలో తగిన సంరక్షక ద్రవ్యము లేకుండుట మఱియొకటి. తమిళనాటి ఔషధ శాఖవారు తాము పరీక్షించిన నమూనాలలో దోషము కానరాలేదనిరి. వాదమెట్లున్నను, ఆ బుడ్డిని గూర్చి యాలోచింపుడు. దానిపై సంరక్షకము లేనిదని వ్రాసియుండెను. కొనినవారు ఆ మాటను చూచి, ఇది కంటికి సుకుమారమైనదని సంతోషించియుందురు. కావలివానిని దీసివేసినవారు ఆ కావలి చేయవలసిన పనిని మఱియొక విధమున జరుపవలయును గదా. అది జరుగలేదు. మఱియొక సంగతిని గూడ మఱువరాదు: కావలివాడుండినను, సరకు పుట్టినచోటనే శుద్ధి లేకున్నయెడల వాడు రక్షింపజాలడు. వాకిటి కాపరి వెలుపలి దొంగను ఆపును గాని, గోడ కట్టునాడే లోపల దాగినవానిని ఏమి చేయగలడు?

సంరక్షకము లేకయే మందును శుద్ధముగా నుంచు దారులు రెండు కలవు. మొదటిది, ఒక్కపూటకు సరిపడు చిన్న ప్లాస్టికు గొట్టములు. ఒకే యంత్రము గొట్టమును పోతపోసి, మందు నింపి, మనుష్యుని చేయి తగులకుండ మూయును. మూత త్రుంచి, చుక్క వేసికొని, మిగిలినదానిని పాఱవేయవలయును. ఇచ్చటనే మన యిండ్లలో చిక్కు. మిగిలిన నాలుగు చుక్కలను పాఱవేయుటకు చేయి రాదు. రేపటికని గూటిలో నిలువబెట్టుదుము. అట్లు నిలువబెట్టిన గొట్టము కావలిలేని బుడ్డియే. రెండవది, కొనయందు ఒకేవైపునకు తెఱచుకొను కవాటముగల బుడ్డి. చుక్క వెలుపలికి వచ్చును గాని వెలుపలి తడి లోపలికి పోదు; లోనికి గాలి పోనిచ్చు రకములలో దానిని సన్నని జల్లెడగుండ పోనిత్తురు. రెండును వెలగలవి. బీదవానికి మామూలు బుడ్డియే దొరకును. అట్టివాడు దానిని విడిచి ఏమియు వేసికొనకుండుటకంటె, బెంజాల్కోనియము గల మందునే క్రమముగా వేసికొనుట వేయిరెట్లు మేలు.

మన పల్లెలలో మందులేని మందులును గలవు. కంటిలో నలకపడినచో చనుబాలు పిండుదురు, ఆముదము వేయుదురు, ఆకుపసరు పోయుదురు. మూసిన రెప్పలపై నందివర్ధనపు పువ్వుల నుంచుకొనుటకు నేనడ్డు చెప్పను, చల్లగా నుండును. తెఱచిన కంటిలో పోయు పసరు మాత్రము సంరక్షకమును లేనిది, శుద్ధియు లేనిది; గీత పడిన కంటికి దానివలన గలుగు పుండు దక్షిణదేశపు నేత్రవైద్యశాలలలో వైద్యులు చిరకాలముగా జూచుచున్నదే.

వసతిగృహముల పిల్లలకొక మాట. 2023 జులై, ఆగస్టు మాసములలో మన తెలుగునాట కండ్లకలక విస్తారముగా వ్యాపించెను. అట్టి సమయములలో నొకని బుడ్డిని పదిమంది వాడుట వాడుక. బుడ్డిలో క్రిములను జంపు ద్రవ్యమున్నది గదా యని మీరు వాదింపవచ్చును. కండ్లకలకను దెచ్చు వైరసులలో పెక్కింటికి క్రొవ్వు పొర లేదు; చీల్చుటకు పొరయే లేనప్పుడు ఆ ద్రవ్యమునకు పట్టుదొరకదు. కావున ఒకని బుడ్డి యొకనికే. దుకాణదారు నడిగి తెచ్చుకొను చుక్కలలో స్టీరాయిడు గలవి యున్నవి. అవి ఎఱ్ఱదనమును వెంటనే పోగొట్టి మెప్పించును, వైద్యుడు చూడకుండ నెలలతరబడి వాడినచో నీటికాసులను, శుక్లములను దెచ్చును.

చుక్క వేయు విధము తెలిసినవారు తక్కువ. సబ్బుతో చేతులు కడిగికొని, తల వెనుకకు వాల్చి, క్రింది రెప్పను మెల్లగా లాగినచో చిన్న సంచివలె నేర్పడును. అందులో నొక్క చుక్క చాలును; ఆ సంచిలో పట్టునది చుక్కకంటె తక్కువే గాన రెండవది చెంపకే పోవును. బుడ్డి కొన రెప్పకు తగులరాదు. కన్ను మూసి, ముక్కు ప్రక్కనున్న మూలను వ్రేలితో ఒకటి రెండు నిమిషములు నొక్కియుంచినచో మందు కాలువలో దిగిపోక కంటిలో నిలుచును. మఱియొక మందు వేయవలసియున్న 5 నిమిషములు తాళవలయును. కంటిలో మెత్తని కటకములు పెట్టుకొనువారు వానిని దీసి వేసికొని, పావుగంట గడచిన పిమ్మట మఱల పెట్టుకొనవలెను. ఆ కటకములు బెంజాల్కోనియమును పీల్చుకొని దాచును.

ఇక నెల గడువు లెక్క. 5 మిల్లీలీటరుల బుడ్డిలో సుమారు 100 చుక్కలుండును. రాత్రి కొక చుక్క చొప్పున రెండు కండ్లకును వేసికొనువారికి నెలకు 60 చుక్కలగును. నెల ముగిసినను 40 చుక్కలు బుడ్డిలో గలగలలాడుచుండును. వెలపెట్టి కొనిన మందు. తాతగారు దానిని పాఱవేయనీయరు. మూత తీసిన దినముననే, ఆయన యెదుటనే, ఆ తేదీని బుడ్డిపై సిరాతో వ్రాయుడు. చీమలబారువలె గాక, ఆయనకు కనబడునంత పెద్ద యక్షరములతో.